డబ్బాడు మట్టి

కామాటి అంటే మట్టిపని చేసేవాడు. పునాది తవ్వి, రాయి మోసి, సున్నం కలిపి గోడ లేపే కూలికి తెలుగులో ఉన్న పాత మాట అది. 1784 ప్రాంతంలో వర్లీ గండికి అడ్డంగా హార్న్‌బీ వెలార్డ్ అనే కట్ట పడి, సముద్రపు పోటు లోపలికి రావడం ఆగాక బొంబాయి దీవుల మధ్య పల్లపు బురదనేల మెల్లగా ఆరింది. ఆ నేలను ఊరుగా మార్చే పనికి నిజాం ఇలాకా నుంచి, ముఖ్యంగా ఈనాటి తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కూలీలు స్థిరపడ్డ చోటు కాబట్టి అది కామాటిపురా అయింది. ఆ పేరు వినగానే బయటివాళ్ల మనసులో మెదిలేది ఇంకొకటి, వేశ్యావాటిక అన్న ముద్ర. దానివల్ల అక్కడి తెలుగు కుటుంబాలకూ, ఆ సందుల్లో బతుకీడుస్తున్న ఆడవాళ్లకూ అన్యాయమే జరిగింది. పేరు మాత్రం ఇది తవ్వినవాళ్ల ఊరనే చెబుతోంది. అలాంటి ఊళ్లో ఈనాడు తమకోసం తవ్వుకోవడానికి జానెడు నేల లేదు. పనుల ఒత్తిడిలో నలిగే నాయకులకు, అధికారులకు, సంఘాల పెద్దలకు తోటపనికి మించిన విశ్రాంతి లేదన్న సలహా తరచుగా వినిపిస్తుంటుంది. దాన్ని కామాటిపురా సందులో నిలబడి వింటే ఒక ధర్మసందేహం పుడుతుంది. ఒకరికి కూలి అయిన తవ్వకం ఇంకొకరికి విశ్రాంతి ఎలా అవుతుంది? అవుతుందనుకుంటే, ఏ షరతు మీద అవుతుంది?

పచ్చదనం మనసుకు హాయి అన్నది అందరూ చెప్పే జవాబు. అందులో నిజం లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2011లో అచ్చయిన ఒక చిన్న పరిశోధనలో, తోటలు పెంచుకునే 30 మందికి ముందు మనసు అలిసే పని ఒకటి ఇచ్చారు. తర్వాత కొందరిని అరగంట తోటపని చేయమన్నారు, మిగిలినవాళ్లను అరగంట లోపల కూర్చుని చదువుకోమన్నారు. ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ రెండు గుంపుల్లోనూ తగ్గింది. తోటలో పని చేసినవాళ్లలో మరింత తగ్గింది. 30 మందిని చూసి లోకానికంతా తీర్పు చెప్పలేం. అయినా ఆ ఫలితంలో ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. చదువుకోవడమూ విశ్రాంతే, అందులోనూ నీడపట్టున కూర్చుని తీసుకునే విశ్రాంతి. మరి వంగి మట్టి కలిపినవాడికి అంతకంటే ఎక్కువ తేలిక ఎందుకు కలిగింది? పచ్చదనమొక్కటే కారణమైతే కిటికీలోంచి చెట్టును చూసినా సరిపోవాలి, ఇంత శ్రమ అక్కర్లేదు. నాకు తోచే కారణం వేరు. పుస్తకం మన చెప్పుచేతల్లో ఉంటుంది, కావాలంటే పేజీ తిప్పుతాం, విసుగొస్తే మూసేస్తాం. మట్టి ముందు మన ఇష్టం అలా సాగదు.

నాయకుడి అలసట ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. ముంబై చాళ్లలో, అంటే కూలీలు ఇరుకు గదుల్లో కాపురముండే బారు ఇళ్లలో, కులసంఘం పెద్దనే తీసుకుందాం. మార్కండేయ జయంతికి చందాలు, గణపతి మండపానికి అనుమతులు, రెండు ఖోలీల (గదుల) మధ్య నీళ్ల తగాదా, ఊరి నుంచి దిగిన కుర్రాడికి పని, బిల్డరుతో బేరం. వీటిలో ఒళ్లు అలిసే పని తక్కువ. ఇదంతా నా మాట మీదే నిలబడింది, నేను పక్కకు తప్పుకుంటే కుప్పకూలుతుంది అన్న నమ్మకమే మనిషిని పీల్చేస్తుంది. మంత్రికైనా, కంపెనీ పెద్దకైనా ఇదే జబ్బు, మోతాదులోనే తేడా. మన శాస్త్రాలు దీన్ని కర్తృత్వం అంటాయి. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. పని జరిగే చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఇవన్నీ ఉండగా తానొక్కడే కర్తననుకునేవాడికి చూపు లేదని కూడా అక్కడే ఉంది. సభలో కూర్చున్న నాయకుడికి ఈ లెక్క తలకెక్కడం కష్టం, ఎందుకంటే తమరి మాటతోనే పని అయిందని చుట్టూ ఉన్నవాళ్లు రోజూ అంటుంటారు. మొక్క ఆ మాట అనదు. మట్టి మంచిదే, బొరిగె పదునైనదే, పాదు చేసి వేళకు నీళ్లు పోసిందీ నిజమే, అయినా గింజ మొలవకపోవచ్చు. ఎవరూ పట్టించుకోని మూల గోడ పగులులోంచి రావి మొక్క లేస్తుంది. జరిగిన పనిలో తన వాటా ఐదో వంతేనని, అదీ అన్నిటికంటే పెద్ద వంతు కాదని, మనిషికి కళ్ల ముందు చూపించే పని ఇది. తోటలో నాయకుడికి దొరికే విశ్రాంతి ఆ బరువు దిగడమేనని నా వాదం. ఒళ్లు అప్పుడు నిజానికి మరింత అలుస్తుంది, దానికేం ఫరవాలేదు.

వేదాంతం చదివినవాళ్లే ఇలా అనుకుంటారని కొట్టిపారేయడానికి లేదు. తెలుగులో కావ్యాలు రాసినవాళ్లలో శ్రీకృష్ణదేవరాయలంత పని ఒత్తిడి ఉన్న మనిషి మరొకరు కనిపించరు. కళింగ దండయాత్ర నడుమ శ్రీకాకుళాంధ్రదేవుడు కలలో కనపడి కావ్యం చెప్పమన్నాడని ఆయనే రాసుకున్నాడు. ఆ 'ఆముక్తమాల్యద'లో చక్రవర్తి ఎంచుకున్న భక్తుడు విష్ణుచిత్తుడు, విల్లిపుత్తూరులో తులసితోట పెంచి దేవుడికి దండలు కట్టే మనిషి. మధుర కొలువుకు వెళ్లి పండితులతో వాదించు అని దేవుడే ఆజ్ఞాపిస్తే విష్ణుచిత్తుడు తన చేతుల సంగతి చెబుతాడు. తాను శాస్త్రాలు చదివినవాడు కాదని, పలుగు పట్టి తోట తవ్వి తవ్వి కాయలు కాసిన చేతులని మొరపెట్టుకుంటాడు. వెళ్లాడు, దేవుడు పలికించగా గెలిచాడు, సన్మానాలు అందుకున్నాడు, తిరిగొచ్చి మళ్లీ ఆ దండల సేవలోనే పడ్డాడు. ఆ గెలుపు తనదనుకోకుండా అతన్ని కాపాడింది ఆ కాయలు కాసిన చేతులేనని నేను అనుకుంటాను. అదే కావ్యంలో రాజనీతి అంతా విస్తారంగా వస్తుంది. రాయలు దాన్ని చెప్పించింది రాజ్యం కొడుక్కి అప్పగించి వెళ్లిపోతున్న యామునాచార్యుడి నోట. రాజ్యం ఎలా ఏలాలో చెప్పే అర్హత దాన్ని వదలగలిగినవాడికి ఇచ్చాడు, భక్తికి నమూనాగా తోటమాలిని నిలిపాడు. ఈ రెండు ఎంపికలూ చేసినవాడు సింహాసనం మీద కూర్చుని ఉన్న మనిషని మరచిపోకూడదు.

అయితే గునపం పట్టగానే అహంకారం కరిగిపోతుందని నమ్మితే పొరపాటు. అది తెలిసినవాళ్లే అనంతాళ్వారు కథ చెప్పుకున్నారు. రామానుజుల ఆజ్ఞతో తిరుమల కొండ మీద పూలతోట వేసి, దానికి నీళ్ల కోసం చెరువు తవ్వడానికి పూనుకున్నాడాయన. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోసేది. ఒక పిల్లవాడు వచ్చి సాయం చేస్తానన్నాడు. ఈ కైంకర్యం మాది, ఇంకొకరి చెయ్యి పడకూడదని అనంతాళ్వారు అడ్డుకున్నాడు. ఆయన చూడకుండా పిల్లవాడు ఆ తల్లి దగ్గర తట్ట అందుకున్నాడు. అది కనిపెట్టి కోపంతో విసిరిన గునపం పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుళ్లోకి వెళ్లి చూస్తే స్వామి గడ్డం మీద నెత్తురు. ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతారు. ఆ గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతుంది, లోపలికి వెళ్లే ప్రతివాడూ దాని పక్కనుంచే వెళ్లాలి. ఐదో కారణం తట్ట పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడితే, చేసేవాడు అనే కారణం దాన్ని గునపంతో కొట్టింది. తోటలోనూ అన్నీ తానే అయి, చీడ పడితే కుంగిపోయి, పోటీకి గులాబీలు పెంచే నాయకుడు సభను తోటలోకి తీసుకొచ్చినట్టే. అతనికి అక్కడ విశ్రాంతి దొరకదు.

ఇక అన్నిటికంటే బరువైన ఆక్షేపణ కామాటిపురాదే. తవ్వకం మీకు సరదా కావచ్చు, మా తాతలకు అది నడుములు విరిచిన కూలి అని ఆ ఊరు అంటే ఏం చెప్పాలి? పొలం పని, మట్టి పని చేసినవాళ్లు తమ పిల్లలకు కోరుకున్నది మట్టి అంటని బతుకు. వాళ్ల ముందు మట్టిని పొగడటం సిగ్గుమాలిన పని అవుతుందేమోనన్న భయం నాకుంది. ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు తోటలంటే ప్రాణం. మాంటిచెల్లో కొండ వాలు మీద ఆయన కూరగాయల తోట వెయ్యి అడుగుల పొడవు, విత్తింది ఎప్పుడు, కోసింది ఎప్పుడని ఏళ్ల తరబడి పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. కొండను చెక్కి ఆ నేలను చదును చేసినవాళ్లు బానిసలు. అలాంటి తోటలో యజమానికి దొరికేది చూసుకోవడంలోని తృప్తి. వేలు చూపిస్తే మొక్క అక్కడికి మారుతుంటే, కొలువులో నడిచిన ఆజ్ఞే అక్కడా నడుస్తోంది. తవ్వకం విశ్రాంతి కావాలంటే తవ్వేది తన చెయ్యే కావాలి. అదీ ఎవరి బలవంతమూ లేని చెయ్యి కావాలి. కామాటి తవ్వకంలో నొప్పి మట్టి నుంచి రాలేదు. ఆపాలనుకున్నప్పుడు ఆపలేకపోవడం నుంచి, తవ్విన పునాది మీద లేచిన మేడలోకి తనకు అడుగు లేకపోవడం నుంచి వచ్చింది.

మిగతా సగానికి జవాబు ఆ ఊరి చరిత్రలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ కూలీల సంతతిలోంచి పెద్ద కాంట్రాక్టర్లు ఎదిగారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయబు వడ్నాల, జాయా కరాడి లింగు వంటి తెలుగు పెద్దలు కుల అసమానతను ఎదిరిస్తూ జోతిరావ్ ఫులే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. ఆ సమాజం పుట్టింది 1873లో. ఫులే కుటుంబానికి ఆ ఇంటిపేరు పూల వృత్తి వల్ల వచ్చింది. ఆయన బడులు నడిపాడు, కాంట్రాక్టులు చేశాడు, 1876 నుంచి 1883 వరకు పుణే మునిసిపాలిటీలో సభ్యుడిగా ఉన్నాడు, వీటితోపాటు పుణే దగ్గర మాంజ్రీలో 60 ఎకరాల భూమి సాగు చేయించాడు. అంత భూమి పెరటి తోట కాదు, ఆయనకది కాలక్షేపమూ కాదు. అయినా 1883లో ఆయన రాసిన 'శేత్కర్యాచా అసూడ్', అంటే రైతు చేతి కొరడా, కచేరీలో కూర్చున్నవాడు రాయగలిగింది కాదు. నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలియక పైరు ఎండే బాధ మట్టికి దగ్గరగా ఉన్న నాయకుడికే అర్థమవుతుంది. ఆయన అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే, ఫులే లాగే ఆయనా తోటమాలుల కులమైన మాలీ కులస్థుడే, బొంబాయి మిల్లు కూలీలకు వారానికి ఒక సెలవు కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. ఆదివారం ఖండోబా రోజు, ఆ రోజు మాకు దేవుడి కోసం కావాలి అన్నది ఆ వాదంలో ఒక భాగం. 1890 జూన్ 10న ఆ సెలవు దక్కింది. ఖండోబా అంటే మనవాళ్లకు మల్లన్నే, కొమురవెల్లి జాతర సాగేదీ ఆదివారాలే. తర్వాతి తరాల్లో ఆ మిల్లుల్లో సాంచాల మీద నిలబడ్డ తెలుగు నేతకులం పద్మశాలీలకు ఆ రోజు రెండు రకాలుగా తమదైంది. నాయకుడి విశ్రాంతికి ధర్మం ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. తన కింద పనిచేసేవాళ్లకు ఆదివారం లేకుండా తాను ఆదివారం తోటలో గడిపే పెద్దమనిషి మొక్కకు పోసే నీళ్లు ఇంకొకరి చెమట.

హింస గురించి కూడా ఒక ఆక్షేపణ ఉంది. సేద్యం సాధువులు నిందించిన వృత్తి అని, ఇనుప కర్రు నేలనూ నేలలోని ప్రాణులనూ గాయపరుస్తుందని మనుస్మృతి పదో అధ్యాయం అంటుంది. వానపాము తెగిన పార చూసినవాడెవడూ ఆ మాటను పూర్తిగా తోసిపుచ్చలేడు. దానికి పరాశరస్మృతి చెప్పిన దారి నాకు నచ్చుతుంది. సేద్యంలో దోషం ఉందని ఒప్పుకుంటూనే, కళ్లంలోంచి పదిమందికీ భాగం పంచితే అది పోతుందంటుంది. చేతికి మట్టి అంటకుండా తినేవాడికి ఆ దోషం లేదని మాత్రం నేను నమ్మను, వాడికి తెలియదంతే.

పని వదిలి పారిపోవడానికి తోట ఒక సాకు కాదా అన్నది ఇంకో ప్రశ్న. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో సింహాసనం దిగి సముద్రపు ఒడ్డున కూరగాయలు పెంచుకున్నాడు. మూడేళ్ల తర్వాత మళ్లీ వచ్చి పగ్గాలు పట్టమని అడిగితే, తాను చేతులారా పెంచిన క్యాబేజీలు చూస్తే ఆ మాట అడగరని జవాబిచ్చాడని చెబుతారు. బయట రాజ్యం అంతర్యుద్ధంలో కాలుతోంది. ఆయన వెనక్కి వెళ్లి ఉంటే బాగుపడేదా అన్నది చరిత్రకారులు తేల్చాలి. విష్ణుచిత్తుడు మాత్రం పిలుపొచ్చినప్పుడు పలుగు పక్కన పెట్టి మధుర వెళ్లాడు, పనయ్యాక తోటకు తిరిగొచ్చాడు. ఆ రాకపోకలే నాకు ముఖ్యం. తోటలో ఉండిపోయినవాడూ, తోటకు ఎప్పుడూ రానివాడూ ఇద్దరూ ఒక వైపు దారి మూసుకున్నవాళ్లే.

చివరికి నేల ఎక్కడుందన్న ప్రశ్న మిగిలింది. ముంబైలో ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ నగరంలో పేటల పేర్లు చెట్ల పేర్లు: ఫణస్‌వాడిలో పనస, చించ్‌పోక్లీలో చింత. వాడి అంటేనే ఒకప్పుడు తోట. పేర్లు మిగిలాయి, నేల పోయింది. కామాటిపురాకు నడకదూరంలో బైకుల్లాలో 1862లో తెరిచిన రాణీబాగ్ ఉంది, ఆ మహావృక్షాల నీడ నిజంగా వరం. కానీ అక్కడ నడవగలం, తవ్వలేం. 1920లలో కట్టిన బీడీడీ చాళ్లు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్‌డీల్లో మొత్తం 207 ఉండేవి. ఖోలి 160 చదరపు అడుగులు. వరండా మధ్యలోంచి పోతుంది, ఎండ తగిలేది కిటికీకే. పాత చాళ్లలో అందరూ నడిచే గ్యాలరీ కటకటాలకు కాస్త వెలుతురు తగులుతుంది. ఆ కటకటాల మీద, కిటికీ ఊచల మధ్య, నూనె డబ్బాలో, రంగు డబ్బాలో తులసి ఉంటుంది. మిగిలిన ఆక్షేపణలన్నిటికీ వాదంతో జవాబు వెతికాను. దీనికి మాత్రం ఆ డబ్బానే జవాబు. డబ్బా అడుగున మేకుతో చిల్లు పెట్టకపోతే ముంబై వానకు వేరు కుళ్లుతుంది. వెన్నులు వేసినప్పుడల్లా గిల్లకపోతే విత్తనం కట్టి మొక్క ఎండుతుంది. ద్వాదశి నాడు ఆకు కోయరాదని ఇంట్లో పెద్దలు అడ్డుపడతారు. ఆకు కోసే చెయ్యికీ ఆగాల్సిన రోజుందని మతం ఇంత చిన్న నియమంలో నేర్పుతోంది. కర్తృత్వం దిగడానికి ఎకరాలు అక్కర్లేదు. చేసేవాడి వాటా ఐదో వంతేనని మాంజ్రీ పొలం చెప్పగలిగిన మాటే ఈ డబ్బా కూడా చెబుతుంది, బహుశా ఇంకా స్పష్టంగా, ఎందుకంటే ఇక్కడ తప్పు నెట్టడానికి పాలేరు లేడు. ఊరి నుంచి బతుకమ్మ పండుగను వెంట తెచ్చుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఊళ్లో తంగేడు, గునుగు చేలగట్ల మీద ఎవరూ వేయకుండా పూస్తాయి. ముంబైలో పూలు కొనాలి, లేదా ఊరి నుంచి తెప్పించుకోవాలి. ఎక్కడ పేర్చినా చివరికి నీళ్లలో వదిలేయాలి. ఎవరూ వేయని పూలను దేవతగా పేర్చి, మళ్లీ నీటికి ఇచ్చేసే ఆ పండుగ ఐదో కారణానికి మొక్కడం కాకపోతే మరేమిటి?

సంఘం పెద్దగా ఉన్న మనిషి తెల్లవారుజామున ఫోన్ మోగకముందు ఆ డబ్బా దగ్గర నిలబడే పావుగంటను ఇంట్లోవాళ్లు ఆడవాళ్ల పనిగా చూడటం మామూలు. చాళ్లలో తులసికి నీళ్లు పోసేది ఎక్కువగా ఆడవాళ్లే, నిజమే. కుటుంబాన్ని, చీటీలను, సగం వీధిని నడిపే ఆ ఆడవాళ్లను నాయకులుగా ఎవరూ లెక్కపెట్టలేదన్నది కూడా అంతే నిజం. తోటపని ఎవరికి విశ్రాంతి అని అడిగేటప్పుడు ఆ లెక్క కూడా సరిచేసుకోవాలి. ఇప్పుడు చాళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు చేతికొచ్చాయి, ఎత్తైన టవర్లలో. కామాటిపురా సందులూ ఆ దారిలోనే ఉన్నాయి. నూరేళ్లు ఇరుకులో బతికినవాళ్లకు సొంత కుళాయి, సొంత మరుగుదొడ్డి దక్కడం న్యాయం, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే గ్యాలరీతోపాటు ఆ కటకటాలు కూడా పోతాయి. ముప్పయ్యో అంతస్తులో అద్దం తెరవని కిటికీ వెనక తులసి బతకదు. కట్టడం పటాల మీద సంతకాలు పెట్టబోయే సంఘం పెద్దలు కార్పెట్ ఏరియా ఎంతని అడుగుతున్నారు, పార్కింగ్ ఎన్ని బండ్లకని అడుగుతున్నారు. పొద్దుటి ఎండ ఏ గోడ మీద పడుతుందో, అక్కడ డబ్బా పెట్టుకోవడానికి మూరెడు జాగా వదిలారో లేదో కూడా వాళ్లే అడగాలి. ఇంట్లో ఆ డబ్బాకు నీళ్లు పోసే ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి.